ఏ సూదికి తగ్గింది?

అమ్మ ఫ్రిజ్‌లోంచి పాలప్యాకెట్ తీస్తే చాలు, మూడు వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. కాసేపటికి నీలం, తర్వాత ఎరుపు, మంట. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి డాక్టరు తన థీసిస్‌లో వర్ణించింది దీన్నే: చలికి వేళ్ళలోని సన్నటి రక్తనాళాలు మరీ బిగుసుకుపోవడం. మా డాక్టరు నిఫెడిపిన్ రాశారు. నాళాలు వదులయ్యాయి గానీ తలనొప్పి పట్టుకుంది. అమ్మ మానేసింది.

పక్కింటావిడ మాట మీద ఆక్యుపంక్చర్ మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు, నలభై నిమిషాలు. సూదులు పెట్టే ఆవిడ ముందు అమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుంటుందట. నిద్ర పట్టిందా, అబ్బాయి ఫోన్ చేశాడా అని అడుగుతుందట. డిసెంబర్లో అమ్మ "తగ్గింది నాన్నా" అంది.

నాకేమో చదివే జబ్బు. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్రం చెప్పిన చోట సూదులు గుచ్చితే 47.6 శాతం మందికి మెరుగైంది. ఆ బిందువులు కాని చోట పైపైన గుచ్చినా 44.2 శాతం. మామూలు వైద్యంతో 27.4. నడుం వేరు, వేళ్ళు వేరు, ఒప్పుకుంటాను. అయినా అనుమానం పోదు కదా.

ఇది అమ్మకి చెప్పాలా? "తగ్గిందిగా, నీకేంటి బాధ?" అంటాడు నా ఫ్రెండు. కానీ ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి దగ్గర లెక్క దాచడమేంటి? పైగా 2010లో హార్వర్డ్ వాళ్ళు కడుపు సమస్యలున్న రోగులకి "ఇందులో మందు లేదు" అని చెప్పే మాత్రలిచ్చారు. అయినా ఏమీ ఇవ్వనివాళ్ళకన్నా వాళ్ళకే ఎక్కువ నయమనిపించింది. అంటే నిజం చెప్పినంత మాత్రాన ఊరట పోవాలనేం లేదు. మరి నాకు నోరెందుకు రాలేదు? పనిచేసింది సూది కాదు, ఎవరో చేతులు పట్టుకోవడం అని తేలితే, తర్వాతి ప్రశ్న నాకే వస్తుంది.

నిజానికి నేను దాచకూడనిది ఇంకోటుంది. కొందరిలో ఈ తెల్లబడటం లూపస్, స్క్లెరోడెర్మా లాంటి జబ్బులకి తొలి గుర్తు. అందుకని డాక్టరు రాసిన రక్తపరీక్ష చీటీ మూడు నెలలుగా ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. తగ్గిందిగా అని అమ్మ వాయిదా వేస్తోంది. అమ్మ సంతోషం చెడగొట్టడమెందుకని నేనూ ఊరుకున్నాను.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పేశాను, జర్మనీ లెక్కలతో సహా. అమ్మ అంతా విని, "ఆవిడ దగ్గరకి వెళ్ళడం మానను" అంది. తర్వాత చీటీ తీసి చూసింది.

"పరగడుపునే వెళ్ళాలేమో, కనుక్కో. నువ్వు కూడా వస్తావుగా?"