భారము కాని అతిథి

తిథి నియమము లేక యింటికి వచ్చువాడు అతిథి యని మన పెద్దలు ఆ మాటకు అర్థము చెప్పుదురు. అట్లయిన, తిథి ముందుగా తెలిపి వచ్చి, తెలిపిన తిథికే వెడలిపోవుచు, తన పడకను, తన పొయ్యిని, తన త్రాగునీటిని, కడకు తన మరుగుదొడ్డిని సైతము వెంట తెచ్చుకొనువానిని ఏమని పిలువవలెను? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుపడినది కాదు. క్రిందటి వేసవిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున మా కుమార్తె యింట కొన్ని మాసములుంటిమి. అక్కడ, ప్రక్కయింటి ముంగిట, ఎదురుపడినది.

ప్రక్కయింటి గృహస్థు ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పెద్దమనుష్యుడు. భార్య గతించి అప్పటికి ఎనిమిది మాసములు. జూలై మాసమున నొకనాటి సాయంకాలము పొడవైన తెల్లని మోటారుబండి యొకటి వచ్చి వారి ముంగిట నిలిచెను. డెబ్బదియేండ్లకు అటునిటుగా నున్న దంపతులు దానినుండి దిగిరి. అక్కడివారు ఆర్.వీ. యని పిలుచు ఇట్టి బండ్లను మన పాఠకులు ఛాయాచిత్రములలో చూచియే యుందురు. లోపల మంచము, గ్యాసుపొయ్యి, మంచుపెట్టె, స్నానపుగది ఉండును. మంచినీటికొక తొట్టి, వాడిన నీటికొక తొట్టి, మలమూత్రములకు వేఱొక తొట్టి యడుగున అమర్చబడియుండును. ఇంటి యజమానుడు వారికొఱకు పడకగది నొకదానిని శుభ్రపఱచి, క్రొత్త దుప్పట్లు పఱచి యుంచెను. దంపతులు కృతజ్ఞతలు చెప్పి, "మా యిల్లు మాతోనే యున్నది, మీకు శ్రమ యెందుకు?" అని తమ బండిలోనే పరుండిరి.

ఇల్లు వెంటబెట్టుకొని తిరుగుట మనకు వింత కాదు. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినప్పుడు పరివారముతోను డేరాలతోను కదలిరి. వారు ఆ యాత్రావిశేషములను వ్రాసి పంపినది కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల అను స్నేహితునికి. 1838లో వాటిని అచ్చువేయించినదియు ఆ స్నేహితుడే. కాని వీరాస్వామయ్యగారు తీర్థములకొఱకు పోయిరి. ఈ దంపతులకు తీర్థములు స్నేహితుల యిండ్లే.

వీరి జీవనపద్ధతిని కొంచెము వివరింపవలసియున్నది. నవంబరు గడచినది మొదలు మే వఱకు వీరు నేలపై కాపురముండరు. మెక్సికో ప్రధానభూమికిని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పమునకును నడుమనున్న కోర్టెజ్ సముద్రమున ముప్పదియాఱడుగుల తెఱచాప పడవలో తిరుగుచుందురు. తూర్పు పసిఫిక్ మహాసముద్రమున తుపానుల కాలము మే 15వ తేదీన మొదలై నవంబరు 30 వఱకు నుండును. ఆ కాలమున పడవను నీటిలో నుంచుట ప్రాణములతో చెలగాటమాడుటయే. 2014 సెప్టెంబరులో ఓడీల్ అను తుపాను ఆ ద్వీపకల్పమును తాకినప్పుడు లా పాజ్ వద్ద లంగరు వేసియున్న పడవలనేకములు మునిగియు, ఒడ్డునకు కొట్టుకొనిపోయియు నాశనమయ్యెను. కావున ఎండలు ముదురగానే వీరు సోనోరా తీరమునందలి గ్వాయ్మాస్ ప్రాంతమున పడవను యంత్రముతో నీటినుండి ఎత్తించి, ఇనుప ఊతలపై నిలిపి, తెఱచాపలు విప్పి భద్రపఱచి, ఆర్.వీ. నెక్కుదురు. అక్కడినుండి సుమారు 400 కిలోమీటరులు ఉత్తరముగా పోయి నొగాలెస్ వద్ద సరిహద్దు దాటుదురు. తరువాత శీతకాలము వచ్చువఱకు స్నేహితులను చూచుటయే వారి పని. అరిజోనాలో నొకరు, న్యూ మెక్సికోలో నొకరు, కొలరాడోలో ఈ ఉపాధ్యాయుడు, మాంటానాలో నింకొకరు. ఒక్కొక్క ముంగిట మూడు దినములు. నాలుగవ దినము ఉండరాదని వారి నియమము.

మాకు మొదట ఈ పద్ధతియందు మిక్కిలి గౌరవము కలిగినది. దానికి కారణమును దాచనేల? అతిథిసేవను మన పురుషులు సభలలో కొనియాడిరి. చేసినవారు మాత్రము స్త్రీలు. వేళగాని వేళ నలుగురు బంధువులు దిగినచో "మా భాగ్యము, మా భాగ్యము" అనునది వీధియరుగుమీది మాట. అదే సమయమున ఆర్పిన పొయ్యిని మరల రాజవేయునామె ఏమనుకొన్నదో యెవరును వ్రాసిపెట్టలేదు. మా చిన్ననాట వేసవి రెండు మాసములును మా యిల్లు చుట్టములతో నిండియుండెడిది. ఆ దినములలో మా తల్లిగారు ఒక్కనాడైనను అందఱితో కూర్చుండి వేడియన్నము తినినట్లు మాకు జ్ఞాపకము లేదు. ఆ ఋణమును తలపై మోయువారికి, ఎవరిచేతను ఒక్క పళ్లెమైనను కడిగింపని అతిథి దేవునివలెనే కనబడును.

ఈ స్వావలంబనము వెనుక ఆ దేశపు చరిత్రయు కలదు. 1935లో అక్కడ సామాజిక భద్రతా శాసనము వచ్చి వృద్ధులకు నెలభృతికి మార్గమేర్పడినది. 1965లో మెడికేర్ అను వైద్యవిధానము వచ్చినది. 1956 నాటి శాసనముతో రాష్ట్రములను కలుపు 41,000 మైళ్ల రాజమార్గములకు పునాది పడినది. ముదిమిలో బిడ్డల చేతివైపు చూడకుండుట, కోరిన చోటికి పోగలుగుట, ఇవి చిన్న విషయములు కావు. మనలో ఎందఱు తలిదండ్రులు ఒక కొడుకు నింట ఆఱునెలలు, ఇంకొక కొడుకు నింట ఆఱునెలలు అని పంచబడి, తమ మందులపెట్టెను సంచిలో పెట్టుకొని తిరుగుట లేదు! అయితే చక్రముల యిండ్లలోని వారందఱును కోరి తిరుగువారే యనుకొనరాదు. అద్దె చెల్లింపలేక బండినే యిల్లు చేసికొని, ఋతువు వెంట ఋతువుగా కూలిపనులు వెదకుకొను వృద్ధులను గూర్చి జెస్సికా బ్రూడర్ అను పత్రికారచయిత్రి 2017లో నోమాడ్‌లాండ్ అను గ్రంథము వ్రాసెను. వారి సంగతి వేఱు. మేము చెప్పుచున్న దంపతులది కలిమిలోని సంచారము.

మా గౌరవమునకు మొదటి సందేహము తగిలినది రెండవనాటి రాత్రి. ఆ యింటినుండి బండికి పోవుచున్నది ఒక్కటే, ఒక నారింజరంగు విద్యుత్తు తీగ. వారు స్నేహితునివద్ద స్వీకరించిన ఉపకారమంతయు ఆ తీగయే. అక్కడి యిండ్ల గోడలలోని సామాన్యపు సాకెట్టు 15 ఆంపియరులకు మించి యోర్వదు. బండిలోని చల్లగాలి యంత్రమొక్కటే దానిలో పెద్దపాలు త్రాగివేయును. ఆ రాత్రి ఆమె ఆ యంత్రము నడచుచుండగనే ఇంకొక విద్యుత్తు పొయ్యిని కూడ వేసెను కాబోలు, ఉపాధ్యాయుని యింట సగము దీపములు ఆరిపోయెను. మేము కిటికీనుండి చూచుచుంటిమి. ఆయన చేతిదీపము పట్టుకొని బయటికి వచ్చెను, ఆ దంపతులు సిగ్గుపడుచు ఎదురువచ్చిరి, ముగ్గురును చీకటిలో నిలిచి పెద్దగా నవ్విరి. ఎనిమిది మాసములలో ఆయన నవ్వగా తాను వినలేదని మా కుమార్తె యనెను.

మఱునాటి యుదయము కంచె కీవలనుండి ఆ గృహిణితో మాటాడితిమి. ఉపాధ్యాయుడును ఆయన భార్యయు కూడ పది శీతకాలములు ఆ సముద్రముననే పడవలో నుండిరట. ఆమెకు జబ్బు చేయగా పడవ నమ్మివేసిరట. వీరి స్నేహము మొదలైనది ఒక నిర్జనమైన ఖాతములో. అక్కడ వీరి యింజను చెడిపోగా, ఉపాధ్యాయుడు తన ప్రయాణమును మాని, రెండు దినములు వీరి పడవయడుగున నూనెలో పొరలి బాగుచేసెనట. అంతియకాదు, ఆ తీరమున పడవవారికి ఒక ఆచారము కలదని ఆమె చెప్పెను. ఉదయమున నిర్ణీతమైన వేళకు అందఱును చిన్న రేడియోలను తెఱచి కూర్చుందురు. ఒకరు సభ నడపుదురు. మొట్టమొదటి ప్రశ్న, ఎవరికైన ఆపద కలదా యని. పిమ్మట గాలి, ఆటుపోటులు, క్రొత్తగా వచ్చినవారి పేరులు. తరువాత, ఎవరికేమి కావలెను, ఎవరివద్ద నేమి కలదు అని. ఒకరు గొట్టము కావలెనందురు, ఒకరు పంటినొప్పికి వైద్యుడు కావలెనందురు. పదిమంది వినుచుండగా చేయిచాచుటలో ఎవరికిని లజ్జ లేదు. సముద్రముపై ఆపదలోనున్న వారికి తోడ్పడుట ధర్మము మాత్రమే కాదు, చట్టము కూడను. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రశాసన ఒడంబడికలో 98వ ప్రకరణము దీనినే విధించుచున్నది.

"ఆయన సముద్రముమీద నున్నచో ఉదయమే రేడియోలో పిలిచియుండును. ఇక్కడ అడుగగా, నేను బాగుగనే యున్నానని చెప్పుచున్నాడు. వంటయింటిలో రొట్టెయు డబ్బాలలోని పులుసును తప్ప వేఱేమియు లేదు" అని ఆమె అనెను. కొంతసేపూరకుండి, "మేమును వచ్చిననాడు మాకేమియు అక్కఱలేదనియే చెప్పితిమి" అనెను.

నాలుగవనాడు బండి కదలలేదు. మేము బయటికి వచ్చునప్పటికి ఉపాధ్యాయుడు దాని యడుగున వెల్లకిల పరుండి మఱలు విప్పుచుండెను. నీటితొట్టినుండి కుళాయికి నీరు తోడు చిన్న పంపు చెడినదట. అది బాగుపడినది, కాని తరువాత తలుపు గొళ్లెము వదులైనది, ఆ పిమ్మట కప్పుమీద నొక చీలిక కనబడినది. మాంటానా స్నేహితునికి ఆలస్యమగునని చెప్పి పంపిరి. ప్రతిదినము సాయంకాలము వారు ఉపాధ్యాయుని బల్లయొద్ద భోజనము చేసిరి. వంట ఆయనదే, మాడిన వాసన మా పెరటివఱకు వచ్చెడిది. పాత్రలు తోమినవాడు వచ్చిన దంపతులలోని పురుషుడు. తొమ్మిదవనాడో పదవనాడో, ఆ గృహిణియు ఉపాధ్యాయుడును కలిసి గతించిన యామె బట్టల బీరువాను తెఱచిరి. పెట్టెలు కట్టి వాకిట పెట్టుచుండగా చూచితిమి. పండ్రెండవనాడు వారు వెడలిపోయిరి.

ఆ పంపు నిజముగా చెడినదా? మేమడుగలేదు. అడిగి తెలిసికొనకపోవుటయే మంచిదని యిప్పటికిని తలంచుచున్నాము. కాని చెడలేదేని, అది యసత్యము కాదా? దయకొఱకు ఆడిన చిన్న యబద్ధములనుండియే మన గృహములలో పెద్ద కపటములు పెరిగినవని నమ్మువారము మేము. రోగికి రోగము చెప్పక, విధవకు ఆస్తి లెక్క చెప్పక, వధువుకు వరుని సంగతి చెప్పక నడచిన సంసారములను చూచితిమి. అందుచే మొదట మాకీ పని రుచింపలేదు. ఆలోచింపగా వేఱొకటి తోచినది. ముందుగా అసత్యమాడినవారెవరు? "నేను బాగుగనే యున్నాను" అని ఉపాధ్యాయుడు ఎనిమిది మాసములుగా నాడుచున్నది సత్యమా? "మాకేమియు అక్కఱలేదు" అని అతిథులు తొలినాడు చెప్పినది సత్యమా? పాతబండిలో ఏదో యొక మఱ యెప్పుడును వదులై యుండును; పాతమనస్సులోను అంతే. దానిని కప్పిపుచ్చుటకు మర్యాద యని పేరు పెట్టితిమి.

ఇట్లనుటచే మా తల్లిగారి పొయ్యిని మరచితిమని పాఠకురాండ్రు కోపింపరాదు. అక్కడి తప్పు భారము పడుటలో లేదు. కాదనుటకు వీలులేనివారిపై పడుటలో నున్నది. ఉపాధ్యాయునిపై ఎవరును బలవంతముగా వంట మోపలేదు. ఆయన మాడ్చిన కూరను తినినవారు పాత్రలు తోమిరి. తన కడుపు చూచుకొను గృహిణితో సమానముగా లేచి విస్తళ్లు తీయు మగవారు మా యింట నుండియుండినచో, ఆ వేసవి చుట్టములను తలచుకొన్నప్పుడు మాకీనాడు ఈ చేదు ఉండెడిది కాదు.

తిరుగుచు తిరుగుచు కాలుసాగని దినము వచ్చినవారి సంగతి యేమని మేము విచారించితిమి. టెక్సాస్ రాష్ట్రమున లివింగ్‌స్టన్ అను ఊర ఎస్కేపీస్ అను సంచారుల సంఘము కలదు, 1978లో ఏర్పడినది. ముదిమిచేతనో జబ్బుచేతనో ఇక తిరుగలేని సభ్యులకు వారక్కడ నొక సంరక్షణ స్థానమును నడపుచున్నారు. బండి అక్కడ నిలుచును. మనిషి తన బండిలోనే యుండును. భోజనము, తోడు, వైద్యునివద్దకు కొనిపోవుట మొదలగునవి ఇతరులు చూతురు. ఎవరికిని భారము కాకుండవలెనని బయలుదేరినవారే కడపట ఒకరి భారమొకరు మోయుట కొక స్థలము కట్టుకొనిరి. ఇది మాకు ఆశ్చర్యమును, కొంత ఊరటయు కలిగించినది.

స్వదేశమునకు తిరిగివచ్చిన తరువాత మేము చేసిన మొదటి పని చెప్పెదము. రాజమహేంద్రవరమున మాకొక బాల్యమిత్రుడు కలడు. పదునొకండేండ్లుగా వారి యింటికి పోలేదు. వారి శ్రీమతికి మోకాళ్ల నొప్పులు, శ్రమ పెట్టరాదని మా వాదము. రెండు పర్యాయములు గోదావరి దాటి వేఱుపనులపై పోయినను హోటలులో దిగి, ఫోనులో కుశలమడిగి వచ్చితిమి. ఇప్పుడు జాబు వ్రాసితిమి: కంటి శస్త్రచికిత్స యైనది, ఒంటరిగా నుండుటకు మనస్కరించుట లేదు, మీ యింట కొన్నాళ్లుండవలెనని యున్నది అని. ఇది సత్యమే. వ్రాయుటకు మాత్రము నాలుగు కాగితములు చించితిమి.

జవాబు వ్రాసినది మిత్రుడు కాదు, వారి శ్రీమతి. "అన్నగారూ, పైగదికి మెట్లు నేనెక్కలేను, మీరును ఎక్కవద్దు, హాలులో మంచము వేయించెదము. కాఫీ ఉదయము అయిదుగంటలకు మీరే పెట్టుకొని మాకును ఇయ్యవలెను. మీ తమ్ముడుగారికి చెవి వినబడుట తగ్గినది, గట్టిగా మాటాడువారు లేక విసుగుకొనుచున్నారు. వచ్చునప్పుడు వారి పాత వినికిడియంత్రమునకు చిన్న బ్యాటరీలు తీసికొనిరండు, ఇక్కడ దొరకుట లేదు" అని వ్రాసిరి.

బ్యాటరీలు కొంటిమి. పోవుటకు రైలు టిక్కెట్టు తీసికొంటిమి. తిరుగుటకు ఇంకను తీసికొనలేదు.