అటక మీది పోస్టరు



మీ ఇంటి అటక మీద ఏముందో ఎప్పుడైనా చూశారా? మొన్నటి వానలకు మా ఇల్లు కారితే అటక ఖాళీ చేశాం. పాత చీరలో చుట్టిన కాగితం మడత ఒకటి బయటపడింది. విప్పితే ‘లవకుశ’ సినిమా పోస్టరు. రాముడిగా ఎన్.టి. రామారావు, సీతగా అంజలీదేవి. రంగులు పెద్దగా వెలవలేదు గానీ, మడతల దగ్గర కాగితం విరిగిపోతోంది.

1963లో వచ్చిన ఆ సినిమా గురించి మీ ఇళ్లల్లో పెద్దలు చెప్పే ఉంటారు. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. జనం బండ్లు కట్టుకొని వెళ్లి చూశారు. తెర మీది వేషానికే దండాలు పెట్టారు.

మా తాత టౌనులో సినిమా హాలుకి పోస్టర్లు అంటించేవాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, బకెట్టు చేత పట్టుకొని, నిచ్చెన భుజానేసుకొని రాత్రంతా తిరిగేవాడు. రాముణ్ని గోడలెక్కించింది ఆ చేతులే. ఆ గోడల వెనకున్న ఇళ్ల గడప మాత్రం ఆయన తొక్కకూడదు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు మనందరికీ తెలుసు. రాముణ్ని, కృష్ణుణ్ని దేవుళ్లుగా ఎంచను, పూజించను అన్నది రెండోది. దీక్ష రోజు నేనూ ఆ మాట అన్నవాణ్నే. పోస్టరు చూడగానే ఒళ్లు మండిపోయింది. “బుద్ధుడి బొమ్మ పెట్టుకున్న ఇంట్లో ఇదేంటమ్మా?” అంటూ ఒక మూల చింపేశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఆగరా. వెనక్కి తిప్పి చూడు.”

తిప్పాను. ఎండిపోయిన జిగురు మరక. అందులో నాలుగు వేళ్ల ముద్రలు.

“మీ తాతకి ఒక్క ఫొటో కూడా లేదు. మిగిలినవి ఆ వేళ్లే. నేను దాచింది ఆయన్ని. అందులో రాముణ్ని చూసింది నువ్వేరా.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆదివారం విహారానికి వెళ్లి నాకంటే శ్రద్ధగా త్రిశరణం చెప్పే మనిషి మా అమ్మ. ఎందుకు దాచావని ఒక్కసారైనా అడగాల్సింది. అడక్కుండానే తీర్పు చెప్పేశాను.

మీలో కొందరికి సందేహం రావచ్చు: 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించలేదా? నిజమే. మనుషుల్ని బానిసలు చేసే శాసనాన్ని, కారణం చెప్పి, వేలమంది ఎదుట తగలబెట్టారు. అది పోరాటం. ఇంట్లో ముసలి తల్లి దాచుకున్న జ్ఞాపకాన్ని కోపంతో చింపడం పోరాటం కాదు. రామాయణం విషయంలో బాబాసాహెబ్ ఏం చేశారో కూడా చూడండి. దాన్ని చదివారు. 1936లో ‘కుల నిర్మూలన’లో శంబూకుడి హత్యను ముందుపెట్టి, రామరాజ్యం దేని మీద నిలబడిందో చూపించారు. చదవకుండా, అడక్కుండా చేసే పని ఆయన దారి కాదు.

ధమ్మం మూడు విషాల గురించి చెబుతుంది: లోభం, ద్వేషం, మోహం. రాముడి మీద భక్తి పోయిందని నేను గర్వపడ్డాను. దాని చోట కోపం వచ్చి కూర్చుంది. భక్తి ఉన్నప్పుడు మా నాయనమ్మ ఆ బొమ్మనే చూసింది. కోపంలో నేనూ ఆ బొమ్మనే చూశాను. ఇద్దరికీ తాత చేతులు కనపడలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమన్నాడు బుద్ధుడు. అది చూసింది బడి మొహం చూడని మా అమ్మ.

చిరిగిన మూల అతికించి ఫ్రేము కట్టించాం. వెనక వైపు పైకి కనపడేలా. కింద తాత పేరు, చేసిన పని రాశాం. దానికి దండ వెయ్యం, దీపం పెట్టం. జిగురు ఎప్పటికో పొడిగా రాలిపోతుంది, అనిత్యం దానికీ తప్పదు. ఈలోపు మా పిల్లలు అడుగుతారు, మేం చెబుతాం.

మీ అటక మీద కూడా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. పారేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడగండి. వెనక్కి తిప్పి చూడండి.

నమో బుద్ధాయ! జై భీమ్!