పరపతి ఎవరిది?

మేము బి.కాం. చదివే రోజుల్లో గుడ్‌విల్ అని ఒక పాఠం ఉండేది. లెక్క కట్టటం తేలికే. గడచిన నాలుగైదేళ్ళ లాభాల సరాసరి తీసి, రెండుతోనో మూడుతోనో హెచ్చవేస్తే సరిపోయేది. అసలు అదేమిటో చెప్పమంటేనే నాలుక తడబడేది. పాత ఖాతాదారులు పాత చోటికే మళ్ళీ వచ్చే అవకాశం తప్ప మరేమీ కాదని 1810లో లార్డ్ ఎల్డన్ అనే ఆంగ్ల న్యాయమూర్తి తేల్చాడు. 1934 నాటి మరో ఇంగ్లీషు తీర్పులో ఖాతాదారులను జంతువులతో పోల్చారు. పిల్లి ఇంటిని వదలదు, యజమాని మారినా అక్కడే ఉంటుంది. కుక్క మనిషి వెంట పోతుంది. ఎలుకకు ఇంటిమీదా మనిషిమీదా మమకారం లేదు. దగ్గర్లో ఉంది గనుక వచ్చే కుందేలు కూడా ఒకటుంది. మాస్టారు ఈ పాఠం చెబుతుంటే క్లాసంతా నవ్వింది.

మన తెలుగులో ఇందుకు 'పరపతి' అనే చక్కని మాట ఉంది. మనిషికి నలుగురిలో ఉన్న పేరూ అదే, బ్యాంకు ఇచ్చే అప్పూ అదే. ఒకే పనిని ఏళ్ళ తరబడి కాంట్రాక్టుకు చేసుకొచ్చిన మనిషి, ఆ పని అడుగంటి వేరే రంగానికి పోవలసివస్తే, ఈ పరపతిలో ఎంత తీసుకుపోగలడు? అందులో తనది ఎంత? ఉద్యోగంలో నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న ఇదే.

1997 ప్రాంతంలో కోలారు వైపు ఒక తాలూకా ఊళ్ళో ఫీల్డ్ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. బోర్డులన్నీ కన్నడం, సంతలో బేరాలన్నీ తెలుగు. మన పత్రిక చదివేవారికి ఇటువంటి ఊళ్ళు కొత్తకాదు. అక్కడికి ఒక బావుల మేస్త్రి అప్పుకోసం వచ్చాడు. వడ్డెరవాడు. కన్నడ సీమలో భోవి అని రాస్తారు, తమిళ సీమలో ఒడ్డర్ అంటారు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. పన్నెండో శతాబ్దంలో షోలాపూరులో చెరువు తవ్వించిన సిద్ధరాముణ్ణి అక్కడివాళ్ళు తమ గురువుగా కొలుస్తారు. ఈ మేస్త్రి ముప్పై ఏళ్ళుగా సేద్యపు బావులు తవ్వించి, రాతికట్టు కట్టి రైతుకు అప్పగించేవాడు. పదహారు మంది మనుషులు. గునపం, సమ్మెట, తట్ట, కప్పీ, రాయి తగిలితే మందు కూరి పేల్చటం. కూలి లోతు లెక్కన. గుంట మధ్యలో మట్టిదిబ్బను తవ్వకుండా వదిలేస్తారు. పని అయ్యాక దాన్ని కొలిచి డబ్బులు కడతారు, ఆ తరువాతే దాన్ని కొట్టేస్తారు. దాన్ని సాక్షి అంటారు.

నాలుగైదు మట్ల లోతు బావులకు కాలం చెల్లింది. బోర్లు వచ్చి, వందల అడుగుల కింద ఉన్న నీటిని లాగేశాయి. పక్క చేలో బోరు పడితే ఈ బావి ఎండిపోయేది. పేదరైతులకు బావులు తవ్వించే పది లక్షల బావుల పథకం ఒకటి 1988-89లో మొదలైంది గాని, కింద నీరు లేనిచోట పథకం ఏం చేస్తుంది? పెద్ద గొప్పగా చెప్పుకోవలసింది కాదు గాని, ఆ బావులకు అప్పులిచ్చిందీ మేమే, వాటిని ఎండగట్టిన బోర్లకు అప్పులిచ్చిందీ మేమే.

సెకండ్ హాండ్ పొక్లెయిన్ ఒకటి కొని, బెంగళూరులో పెద్ద భవనాల పునాది గుంతలు కాంట్రాక్టుకు తీసుకోవాలని ఆయన ఆలోచన. ఫారంలో 'ఈ రంగంలో అనుభవం' అని ఒక గడి ఉంది. 'లేదు' అని రాశాను.

"అదేంది సార్, లేదని రాస్తా ఉండారు? ముప్పై ఏండ్లు నేను తొవ్వింది ఏంది? బిల్డింగు గుంత అంటే నీళ్ళు రాకూడని బావి. అంతే గదా?"

కొట్టేసి మళ్ళీ రాశాను. ఆయన చెప్పింది నిజమే. ఎక్కడ గరుసు, ఎక్కడ సుద్ద, ఏ గోడ నిలుస్తుంది, ఏ గోడ రాత్రికి జారుతుంది అన్నది కాగితం చూసి నేర్చుకునే విద్య కాదు. అది ఆయన వెంట వస్తుంది. రానివి వేరే ఉన్నాయి. బావి తవ్వేటప్పుడు రైతు వారం వారం డబ్బు కట్టేవాడు. నగరంలో బిల్లు పెట్టి నెలల తరబడి తిరగాలి, పైగా అందులో కొంత పూచీ కింద నిలిపేస్తారు. ఒక రంగంలో పండినవాడు మరో రంగంలో ఎండిపోవటం నేను చూసినంతవరకు పనితనం చాలక కాదు, ఆ రెండు మూడు నెలలు గడుపుకోలేక. రంగం మారాలనుకునేవారు ఎవరైనా నన్నడిగితే, ముందుగా కొత్త రంగంలో డబ్బు ఎన్నాళ్ళకు చేతికొస్తుందో కనుక్కోమంటాను.

మారటం తప్పా? పరధర్మం కంటే కొరతలున్నా స్వధర్మమే మేలని గీత చెప్పిందంటారు. ఆ మాటను కులవృత్తికి ముడిపెట్టి, మట్టి మోసేవాణ్ణి తరతరాలూ మట్టే మోయమన్నవాళ్ళు మాత్రం ఎన్నడూ తట్ట ఎత్తినవాళ్ళు కారు. 1776లో ఆడం స్మిత్ తన గ్రంథంలో ఇదే చర్చ వేరే దారిన చేశాడు. పేదవాడికి తాతలిచ్చిన ఆస్తి తన చేతుల బలమూ నేర్పూ మాత్రమేనని, ఒక పనిలోంచి మరో పనిలోకి పోనివ్వని చట్టాలు ఆ ఆస్తిని కాజేసినట్లేనని ఆయన వాదం. నేను స్మిత్ పక్షమే. మనవాళ్ళు పొట్ట చేతబట్టుకుని పొరుగు రాష్ట్రాలకు వచ్చినవాళ్ళే కదా. షోలాపూరు చేరిన పద్మశాలీలు చీరలొక్కటే పట్టుకు కూర్చోకుండా దుప్పట్లూ తువ్వాళ్ళూ నేసి ఆ ఊరికే పేరు తెచ్చారు. మారనివాడు బతికి బట్టకట్టటం కష్టం.

ఇంతవరకు నాకు సందేహం లేదు. సందేహం నేను రాసిన నోటులోనే ఉంది. పదహారు మంది కూలీల స్థానంలో ఇద్దరు డ్రైవర్లు చాలు గనుక కూలి ఖర్చు తగ్గి, కిస్తీలు సునాయాసంగా కట్టగలడని రాశాను. పై ఆఫీసు వెంటనే మంజూరు చేసింది. నోటు బాగా రాశావని మెచ్చుకున్నారు కూడా.

నెల తిరక్కుండానే ఒకామె బ్యాంకుకు వచ్చింది. ఆ ముఠాలో రాళ్ళు మోసే మనిషి. మేస్త్రికి అప్పిచ్చింది నేనేనా అని అడిగింది. తగాదాకు వచ్చిందేమో అనుకున్నాను. కాదు.

"మా బాకీ కొట్టేసినాడు సార్. చీటీ నా ముందరే చించేసినాడు. బాకీ ఉండేవరకు పని లేకపోయినా, పిల్లకు జరమొచ్చినా, ఆయన ఇంటికాడికి పోతా ఉంటిమి. ఇప్పుడు ఏమని పోయేది?"

నా దగ్గర జవాబు లేదు. కూర్చోమని కూడా అనలేదు కాబోలు, ఇప్పుడు గుర్తులేదు.

ముందుగా బయానా ఇచ్చి, అది తీరేదాకా మనిషిని కట్టిపడేసే పద్ధతిని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రద్దు చేసింది. అటువంటి బాకీలు చెల్లవంది. అది న్యాయమైన చట్టం. అటువంటి బాకీ కింద నలిగిన కుటుంబాలను నేను చూశాను. ఆమె మాటను ఆ చట్టానికి అడ్డుపెట్టి వాడటం అన్యాయం. అయినా ఆమె చెప్పింది అబద్ధం కాదు. మేస్త్రి తనకు తెలిసిన ధర్మం ప్రకారం పెద్ద మనసుతోనే చీటీ చించాడు. ఆ చించటంతోనే తన పూచీ కూడా తీరిందనుకున్నాడు. ఆమెకు తెగింది అప్పు కాదు, దారి.

"నా బావి ఒక్కటీ కూలలేదు సార్" అని మేస్త్రి అనేవాడు. ఆ పేరే ఆయన పరపతి, దాన్ని చూసే మేము అప్పిచ్చాం. ఎందుకు కూలలేదు? అడుగున నిలబడి, పక్కగోడలో వెంట్రుకవాసి పగులు చూసి కేకేసినవాళ్ళు ఉన్నారు గనుక. వాళ్ళలో ఒకడికి మందు ముందే పేలి కన్ను పోయింది. ఆ పేరులో ఆ కంటి వాటా ఎంత? పిల్లినీ కుక్కనీ ఎలుకనీ లెక్కవేసిన మా పాఠం కొనడానికి వచ్చేవాళ్ళ గురించే మాట్లాడింది. గుంటలో ఉన్నవాళ్ళ ప్రస్తావనే లేదు. పరపతి అంతా ఒక్క మనిషి పేరు మీదే జమ.

మేస్త్రి మారకుండా ఉండవలసిందని నేననను. పదహారు మందిని పొక్లెయిన్ మీద ఎక్కించుకు పోలేడన్నదీ నిజమే. కాని ఇద్దరు కుర్రవాళ్ళకు యంత్రం నడపటం నేర్పించవచ్చు. నలుగురిని గుంత అంచుల్ని కనిపెట్టి ఉండే పనికి పెట్టుకోవచ్చు, ఆ చూపు వాళ్ళకు పుట్టుకతో వచ్చినంత పని. మిగిలినవాళ్ళకు ఒక పంటకాలం ముందుగా చెప్పవచ్చు. ఇవన్నీ చేయడానికి ఆయనకు వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వనిది నేను. రెండో నెల నుంచే కిస్తీ పెట్టాను. యంత్రం వచ్చిన మర్నాడే అది డబ్బు సంపాదించాలి, సంపాదించాలంటే వచ్చినవాడే డ్రైవరై ఉండాలి. ఆరు నెలల వెసులుబాటు అడిగే అధికారం నాకు ఉండింది. అడగాలని తోచలేదు, అడగమని ఫారంలో ఏ గడీ చెప్పలేదు.

అప్పు గడువుకు ముందే తీరిపోయింది. మా పుస్తకాల్లో అది మంచి ఖాతా. ఆ పదహారు మందిలో కొందరు గ్రానైటు క్వారీలకు పోయారని, కొందరు బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారని విన్నాను. అది విన్న మాటే, నేను వెళ్ళి కనుక్కున్నది కాదు.

కిందటేడు ఇటువంటిదే ఇంకొక కాగితం నా బల్లమీదికి వచ్చింది. పావగడ వైపు తెలుగువాడు, పాతికేళ్ళుగా టెలిఫోను తీగలకు కాలువలు తవ్వించే కాంట్రాక్టరు. ఆ తాలూకాలో పదమూడు వేల ఎకరాలు రైతుల దగ్గర కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు కట్టారు కదా. అటువంటి పార్కుల్లో పలకలకు స్తంభాలు పాతే పనికి మారాలని, అందుకు యంత్రం కావాలని ఆయన కోరిక. ఎంతమంది మనుషులున్నారని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. పదకొండు మంది అన్నాడు. పేర్లు చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పాడు, ఎవరికి చూపు తగ్గిందో, ఎవరి కొడుకు ఐ.టి.ఐ. చదువుతున్నాడో కూడా చెప్పాడు.

నోటులో ఒక పేరా అదనంగా రాశాను. పదకొండు మందిలో ముగ్గురికి యంత్రం మీద శిక్షణ, దాని ఖర్చు అప్పులో భాగం, మొదటి కిస్తీకి ఆరు నెలల గడువు. కాగితం తిరిగి వచ్చింది. ఆ పేరా పక్కన పై అధికారి పెన్సిలుతో 'సంబంధం?' అని రాశారు. నేను ఆ పేరా తీసేయలేదు. కింద పదకొండు పేర్లూ వయసులూ చేర్చి, మళ్ళీ పంపాను.