మనిషి లేని చోటు

మా బడిలో చదువుకున్న కోయ కుర్రాడొకడు ఇప్పుడు అమెరికాలో, సియాటిల్‌లో పని చేస్తున్నాడు. నిరుడు వీపున సంచి, గుడారం వేసుకొని షై షై అనే సముద్రపు ఒడ్డుకు నడిచి వెళ్ళాడు. ఫోటోలు పంపి, "సార్, మనిషనేవాడు లేని చోటు" అని రాశాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు.

వాషింగ్టన్ రాష్ట్రపు వాయవ్య మూలన, పసిఫిక్ సముద్రం పక్కన ఉందా తీరం. అక్కడికి రోడ్డు లేదు. అడవిలో బురద దారిన నడిచి, చివర నిటారుగా దిగాలి. తిండిని గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించాలి, లేదంటే ఎలుగుబంట్లు వాసన పట్టేస్తాయి. కొన్ని రాతి కొమ్ముల్ని సముద్రం ఆటు మీద ఉన్నప్పుడే దాటాలి. ఇవన్నీ వాడు సంబరంగా చెప్పాడు. మేం అడిగింది ఒకటే: ఆ దారి ఎవరి నేల మీదుగా పోతుంది?

మకా ఆదివాసుల నేల మీదుగా. ముందు వాళ్ళ దగ్గర పర్మిట్ కొనాలి. ఒడ్డున రాత్రి ఉండటానికి ఒలింపిక్ నేషనల్ పార్కు పర్మిట్ వేరే. 1855 ఒడంబడికలో మకాలు చాలా నేల వదులుకున్నారు. తిమింగలాల వేట హక్కు మాత్రం పట్టుబట్టి రాయించుకున్నారు.

ఇలాంటి చోట్ల కోసం 1964లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అక్కడ మనిషి వచ్చి పోయే చుట్టమే గాని ఉండిపోయేవాడు కాదు. మా ఇళ్ళల్లో ఈ మాట చెబితే నవ్వుతారు. అడవికి పోవడమంటే మాకు పెరట్లోకి పోవడమే.

ఆ తీరం వెంబడే దక్షిణంగా నడిస్తే ఓజెట్ వస్తుంది. అది మకాల పాత ఊరు. కొన్ని వందల ఏళ్ళ కిందట కొండ బురద జారి అక్కడి ఇళ్ళను కప్పేసింది. పెద్దలు ఆ సంగతి చెబుతూనే వచ్చారు. 1970లో తుఫాను అలలు గట్టును కోసేస్తే ఆ ఇళ్ళు బయటపడ్డాయి. తవ్వకాల్లో 50,000కు పైగా వస్తువులు దొరికాయి. వాటి కోసం మకాలు 1979లో తమ నియా బేలోనే మ్యూజియం తెరిచారు.

అయితే ఊరు ఖాళీ అయింది బురదతో కాదు. ఆ తర్వాతా జనం అక్కడే బతికారు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో, పిల్లలు నియా బే బడికి రావాల్సిందేనని ప్రభుత్వం పట్టుబట్టడంతో కుటుంబాలు కదిలిపోయాయి.

ఇక్కడే మాకు ముద్ద దిగలేదు. మేం టీచర్లం. మమ్మల్నీ ట్రంకు పెట్టెతో ఆశ్రమ పాఠశాలలో దింపి మా అయ్యలు వెనక్కి నడిచి వెళ్ళారు. ఆనాడు మాతో వచ్చిన పదకొండు మందిలో ఇవాళ ఊళ్ళో ఉంటున్నది ఇద్దరే. అలాగని బడి తప్పంటామా? అనలేం. 2006 అటవీ హక్కుల చట్టం చదివి గ్రామసభలో చెప్పగలిగింది ఆ బడి వల్లనే. కానీ చదువు కోసం ఊరు దాటినవాడి నేల ఖాళీ నేల అవుతుందా? పాపికొండలకు పడవల్లో వచ్చేవాళ్ళు ఒడ్డు చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో, ఎవరూ లేరు" అంటుంటే విన్నాం. ఆ చెట్ల వెనక కొండరెడ్ల ఊళ్ళున్నాయి. వాళ్ళ మాటకు మేం ఎన్నోసార్లు నొచ్చుకున్నాం. ఇప్పుడదే మాట మా పిల్లాడు ఇంకొకరి ఒడ్డున నిలబడి అన్నాడు, అదీ ఏ దురుద్దేశమూ లేకుండా.

నడవడం తప్పని మేం అనం. ఆ ఒడ్డున పడుకొని అలలు వినాలని మాకూ ఉంది. ఎవరి చోటో అడగకుండా ఎవరిదీ కాదనడమే తప్పు అని వాడికి రాశాం. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత, "పర్మిట్ ఇచ్చినామె ఎక్కడినుంచి వచ్చావని అడిగింది సార్. ఇండియా అన్నాను. కోయ అని చెప్పలేదు" అని రాశాడు.

మరునాడు ఎనిమిదో తరగతిలో మండలం పటం గోడకు తగిలించాం. చాలామంది ఊళ్ళున్న చోట ఆకుపచ్చ రంగు మాత్రమే ఉంది. మీ ఊరి పేరు, వాగు పేరు రాయండి అన్నాం. ఊళ్ళు అందరూ రాశారు. వాగుల పేర్లు ముగ్గురికే తెలుసు. మిగిలినవాళ్ళు సెలవులకు వెళ్ళినప్పుడు అడిగొస్తామన్నారు.