ఒంటరి బాలుని సాక్ష్యము

తన బాల్యమును కథగా మార్చి చెప్పుకొను రచయిత సత్యమునకు ఎంతవరకు బద్ధుడు? పేర్లు మార్చినంత మాత్రమున అది అబద్ధము కాదని మనము సులభముగనే ఒప్పుకొందుము. అయితే, ప్రియ చదువరీ, ఆ కథలో అతడొక్కడే ఉండడు గదా.

చార్లెస్ డికెన్స్ సంగతి చూడుడు. 1824లో, పండ్రెండేండ్ల ప్రాయమున, అతడు లండనులోని ఒక బూటు పాలిషు కర్మాగారములో వారమునకు ఆరేడు షిల్లింగుల కూలికి బుడ్లమీద చీటీలు అంటించెను. తండ్రి అప్పుల నిమిత్తము మార్షల్సీ చెరసాల పాలయ్యెను. కొంతకాలమునకు తండ్రి అతనిని పని మాన్పింపగా, తల్లి మరల పంపగోరెను. ఆ గాయము మానలేదు. 1849-50లో వెలువడిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో ఆ కర్మాగారము ద్రాక్షారసపు గిడ్డంగి అయినది. అప్పులపాలైన తండ్రి, నవ్వు పుట్టించు మికాబరు అయ్యెను. తల్లియో, మృదుస్వభావురాలై, బిడ్డ పనికి పోకమునుపే కన్నుమూసెను. ఉన్నది ఉన్నట్లు వ్రాసిన వృత్తాంతమును ఆయన మిత్రుడైన జాన్ ఫార్‌స్టరు చేతికిచ్చెను. 1870లో డికెన్స్ మరణించిన తరువాతనే అది లోకమునకు తెలిసినది. నవల వెలువడునాటికి తల్లి బ్రదికియే యున్నది. ఆమెను బజారున నిలువబెట్టకుండుటకు కల్పన తెరగా ఉపకరించినది. నా దృష్టిలో ఇది నింద్యము కాదు.

నన్ను కలవరపెట్టునది వేరొకటి. ఆ కర్మాగారములో బాబ్ ఫాగిన్ అను అనాథ బాలుడుండెను. ఒకనాడు డికెన్స్ ప్రక్కనొప్పితో మెలికలు తిరుగుచుండగా, వాడు ఖాళీ సీసాలలో వేడినీళ్లు నింపి సగము దినము కాపడము పెట్టెను. సాయంకాలము ఇంటివరకు దిగబెట్టెదనని వెంట బయలుదేరెను. చెరసాల సంగతి బయటపడునని సిగ్గుపడి, డికెన్స్ ఎవరిదో యింటి మెట్లమీద ఆగి, అదే తన ఇల్లని వానిని నమ్మించెను. ఇదంతయు ఆ వృత్తాంతములోనిదే. మరి నవలలోనో? తోటి బాలురు డేవిడ్ తన దిగజారిన స్థితిని కొలుచుకొనుటకే పనికివచ్చిరి. ఆ వేడిసీసాలు కనబడవు. అంతకుముందే, 1837-39 నడుమ వచ్చిన 'ఆలివర్ ట్విస్ట్'లో, పిల్లలకు దొంగతనము నేర్పు ముసలివానికి ఫాగిన్ అని పేరు పెట్టెను. అది ఆ బాలుని పేరేనని తానే వ్రాసికొనెను.

డికెన్స్ ఒంటరితనమును నేను శంకింపను. కాని దుఃఖములోనున్న బాలుడు చుట్టునున్న గోడలను చూచినంతగా, చేయి చాచిన వానిని చూడడు. పెద్దవాడై కలము పట్టిన తరువాత కూడ ఆ కంటితోనే వ్రాయవలెనా? తొమ్మిదవ ఆజ్ఞ న్యాయస్థానములోని మాటకే గాక మన జ్ఞాపకములకును వర్తించునేమో.

బాబ్ ఫాగిన్ చెప్పిన కథ మనకు లేదు. వాడు తల్లిదండ్రులు లేక, పడవ నడుపు బావ యింట తలదాచుకొనెనని మాత్రము డికెన్స్ వ్రాసెను.