కోరిన రొద, కోరని రొద

నిశ్శబ్దమును కోరుట వివేకి లక్షణమని పెద్దలు చెప్పుచు వచ్చిరి. తపోవనమునకును, గ్రంథాలయమునకును, రోగి పడకటింటికిని నిశ్శబ్దమే శోభ. అట్టిచో ధనము వెచ్చించి, దూరప్రయాణము చేసి, గంటలకొలది నిలుచుండి, చెవులు గింగురుమను రొదలోనికి తానై ప్రవేశించు మనుష్యుని గూర్చి మనమేమనవలెను? అతనిని అవివేకి యనుట సులభము. కాని సులభమైన తీర్పు తరచుగ అసంపూర్ణమైన తీర్పే.

హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతమును గూర్చి నేనిది చెప్పుచున్నాను. దాని పుట్టుక నెరిగినచో ప్రశ్న మరికొంత లోతుగ కనబడును. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము కర్మాగారముల నగరము. అచ్చట లోహపు రేకుల కర్మాగారమున పనిచేయుచున్న టోనీ అయోమీ అను యువకుడు, ఆ కొలువులో తనకు చివరిదైన దినముననే, యంత్రము క్రింద కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. ఎడమచేతి వాటము వాడగుటచే గిటారు తీగలను నొక్కవలసిన వ్రేళ్లు అవియే. అతడు ప్లాస్టిక్కు కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. పలుచని తీగలు బిగించెను. పిమ్మట తీగలను వదులుచేసి శ్రుతిని తగ్గించెను. 1970 ఫిబ్రవరిలో వెలువడిన బ్లాక్ సబ్బాత్ బృందపు తొలి గీతసంపుటిని ఈ సంగీతమునకు ఆదిగ పలువురు గణింతురు. యంత్రముచేత గాయపడినవాడు యంత్రమువంటి నాదమును తన వశము చేసికొనెనని చెప్పవచ్చును.

సూరతు నగరమున ఈ విషయమును ఆలోచించుటకు ప్రత్యేకమైన కారణము గలదు. తపతీ తీరమందలి ఈ పట్టణమున మరమగ్గములు లక్షల సంఖ్యలో నున్నవి. వానిని నడుపువారిలో ఒడిశాలోని గంజాము జిల్లావారును, తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలును ఎందరో కలరు. లింబాయతు వీధులలో తెలుగు మాట వినబడును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపినది. నాడె అటునిటు కొట్టుకొను మగ్గముల షెడ్డులో పండ్రెండు గంటలు నిలుచుండువానికి, ప్రక్కవానితో మాటాడవలెనన్న సైగయే శరణ్యము.

ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లు హద్దని మన కర్మాగార నిబంధనలు చెప్పుచున్నవి. మగ్గపు షెడ్డులు ఈ హద్దును దాటుట సామాన్యము. సంగీతసభలలో సగటు ధ్వని 100 డెసిబెళ్లు మించరాదని 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రమాణమొకటి ప్రకటించెను. ధ్వనిని కొలుచు పరికరమునకు ఈ రెండు తావులు ఇరుగుపొరుగులే. చెవి లోపలి సూక్ష్మమైన రోమకణములకు అసలే భేదము తెలియదు. అవి నశించినచో మరల మొలవవు.

అట్టి మగ్గపు కార్మికుని కుమారుడొకడు ఈ సంగీతమునకు అభిమాని యయ్యెననుకొందము. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బృందము బెంగుళూరు ప్యాలెస్ మైదానమున వాయించినపుడు దేశము నానామూలలనుండి యువకులు వచ్చిరి. ఇతడును వారిలో నొకడై పోయి వచ్చెననుకొందము. తండ్రి యడుగును: "బిడ్డా, ఇంత రొద కోసము పైసలిచ్చి పోయినావా? మన షెడ్డులో ఊరికే దొరకునే!"

ఈ పరిహాసములో ధర్మసందేహ మొకటి యున్నది. కుమారుడు ఏమని బదులు చెప్పగలడు? అచ్చట మద్దెల దెబ్బ చెవికంటె ముందు రొమ్మునకు తగులునని చెప్పును. వేలమంది ఒక్క లయలో తలలూపునపుడు తన కులము, కొలువు, ఊరు తనకు గుర్తుండవని చెప్పును. వేదికముందు యువకులు ఒకరినొకరు త్రోసికొందురు. కాని ఒకడు క్రిందపడినచో చుట్టునున్నవారు వెంటనే లేవనెత్తవలెనను ఆచారము గలదని చెప్పును. అన్నింటికిని మించి, ఇష్టము లేనినాడు లేచి రావచ్చునని చెప్పును. తండ్రి అట్లు రాలేడు. ధ్వని యొక్కటే, ద్వారము వేరు.

సమ్మతి యొక్కటే చాలునా? రెండు ఆక్షేపణలు గలవు. మొదటిది: గుంపులో తన్ను మరచినవాడు ఏ పనికైనను ఒడిగట్టునని. నిజమే. అయితే గుంపునకు మతి తప్పించునది పెద్ద ధ్వని కాదు. 1907 డిసెంబరులో ఈ సూరతులోనే కాంగ్రెసు మహాసభ కూడినది. సంగీతము లేదు, వచ్చినవారు చదువరులు, దేశభక్తులు. అయినను కుర్చీలు లేచినవి. వేదికపైకి వచ్చిపడిన చెప్పు సురేంద్రనాథ బెనర్జీకిని, ఫిరోజ్‌షా మెహతాకును తగిలెను. గుంపు మంచిచెడ్డలు దాని కేకలనుబట్టి గాక, పడినవానిని అది ఏమి చేయునో దానినిబట్టి నిర్ణయింపవలెను.

రెండవది ఇంతకంటె బలమైనది. నా సమ్మతి నా చెవులకే చెల్లును. పొరుగువాని చెవులకు చెల్లదు. ధ్వని గోడలను లెక్కచేయదు. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు ధ్వనివర్ధకములను 2000 సంవత్సరపు నిబంధనలు సామాన్యముగ నిషేధించినవి. భావప్రకటన స్వేచ్ఛ పేరిట ఇతరులను బలవంతముగ వినిపించు హక్కు ఎవనికిని లేదని 2005లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. హెవీ మెటలు సభకేగాక, పెండ్లి ఊరేగింపునకును, నవరాత్రి వేడుకకును, ప్రార్థనాలయమునకును ఇది సమానమైన ధర్మము. మన రుచికి నచ్చిన రొదను ఉత్సవమనియు, నచ్చని రొదను ఉపద్రవమనియు పిలుచుట న్యాయము కాదు.

ఈ సూత్రమును అంగీకరించిన అభిమాని మరియొక అడుగు వేయక తప్పదు. ఈనాడు సభకు పోవు బుద్ధిమంతుడు చెవులలో మెత్తని బిరడాలు పెట్టుకొనును. రెండు గంటల వినోదమునకు ఆ రక్షణ కావలెనని యెరిగినవాడు, పండ్రెండు గంటలు అదే రొదలో నిలుచుండు తండ్రికి అది ఏల దొరకలేదని అడుగవలెను. బిరడా వెల స్వల్పము; దానిని ఇయ్యక కూలి మాత్రమిచ్చుటలో, తండ్రి చెవులు కూడ కూలిలోనే అమ్ముడుపోయినవను తలంపు దాగియున్నది.

రొదను కోరుట తప్పు కాదు. కోరుకొను స్వేచ్ఛ ఎంత తీయనిదో వేదికముందు తెలిసికొన్నవాడు, ఆ స్వేచ్ఛ లేనివానిని మరచుటయే తప్పు.