జాతి పేరు తిట్టుగా మారితే...

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం ప్రాంతంలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి. వాటితోపాటే 'అరవ ఏడుపు', 'అరవ చాకిరీ' వంటి మాటలూ వినిపిస్తాయి. అడిగితే, "ఎవరినీ ఉద్దేశించి కాదు, వాడుక మాట" అంటారు.

అయితే ఎవరైనా హేళనగా 'తురకోడు' అన్నప్పుడు మన మనసు ఎందుకు చివుక్కుమంటుంది? అదీ తుర్కుల జాతి పేరే కదా!

అసలు జాతి పేరు పలకడమే తప్పా? కాదు. బిలాల్ హబషీ, సల్మాన్ ఫార్సీ, సుహైబ్ రూమీ (రజి)లను నేటికీ ఆ పేర్లతోనే గౌరవంగా స్మరించుకుంటున్నాం. అక్కడ జాతి పేరు పరిచయం. ఏడుపుకూ చాకిరీకీ తగిలిస్తే అదే పేరు నింద.

దివ్యఖుర్ఆన్‌లోని 'అల్ హుజురాత్' సూరా 11వ ఆయత్ ఎగతాళినీ, చెడ్డపేర్లతో పిలవడాన్నీ వారిస్తుంది. జాతులు, తెగలు ఉన్నది పరస్పర పరిచయానికేనని 13వ ఆయత్ బోధిస్తుంది. ఒక వ్యక్తిని అతని తల్లి అరబ్బు కాదని దెప్పినందుకు అబూజర్ (రజి) అంతటి సహచరుణ్ణే దైవప్రవక్త (స) మందలించారు. అది అజ్ఞానకాలపు గుణమన్నారు.

సోదర సోదరీమణులారా! పక్కింటి తమిళ సోదరుడు వింటుండగా ఆ మాట అనగలమా? అనలేకపోతే, అతను లేనప్పుడూ అనకూడదు. మన పిల్లలు వినేది అప్పుడే.